లిన్‌కిచ్చిన దారి

"దాన్నింకా బల్ల మీదే పెట్టుకుని కూర్చుంటావా?" అంది మృదుల.

కిరీటి ఉప్మా గిన్నెకీ మంచినీళ్ళ సీసాకీ మధ్య, సబ్బుపెట్టె అంత ఉన్న ఆ నల్లటి పెట్టెను చూస్తూ కూర్చున్నాడు. నిన్న సాయంత్రం దాకా అది బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషీన్ వెనక, ఎవరి కంటా పడకుండా పచ్చదీపం వెలిగించుకుని బతికింది. ఇప్పుడు వైరు పీకి పైకి తెచ్చారు. తెచ్చినా, జరిగిన నష్టం జరిగిపోయింది.

కిరీటి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్ విభాగంలో, ఇంటి నుంచే పనిచేస్తాడు. నిన్న పొద్దున ఆఫీసు లాప్‌టాప్ కనెక్ట్ కానని మొరాయించింది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే, లోపం లాప్‌టాప్‌ది కాదన్నారు. అతని ఇంటి ఇంటర్నెట్ చిరునామాయే అనుమానితుల జాబితాకెక్కిందనీ, దాని గుండా చైనా నుంచి ఎవరెవరో రాకపోకలు సాగిస్తున్నారనీ చెప్పారు. సాయంత్రానికి సెక్యూరిటీ విభాగం నుంచి హెలెన్ అనే ఆవిడ మెయిల్ పంపింది. ఈ మధ్యాహ్నం వీడియోలో మాట్లాడాలి. అందాకా ఏ పనీ ముట్టుకోకూడదు.

ఇల్లంతా గాలిస్తే ఈ పెట్టె దొరికింది. పెట్టింది రూప, చైనాకి తిరిగి వెళ్ళిపోయిన స్నేహితురాలు లిన్ తనతో ఆన్‌లైన్ ఆట ఆడడానికి.

రూప కిరీటికి బాబాయి కూతురు. హనుమకొండ నుంచి వచ్చి, కెనడాలో ఈ విండ్సర్‌లో కాలేజీ చదువుతూ, వీళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉంటోంది. ఇవాళ కాఫీ షాపులో షిఫ్ట్ మానేసి, కిందికి దిగే మెట్ల మీద మోకాళ్ళకి గడ్డం ఆనించుకుని కూర్చుంది. ఏడుపు నిన్ననే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది మొండితనం.

"ఎవరో ఒకరు తినండర్రా. మళ్ళీ వేడిచేయలేను" అంది కమలకుమారి. ఆమె మృదుల తల్లి, కిరీటికి అత్తగారు. వేసవికి కాకినాడ నుంచి వచ్చింది. నిన్నటి నుంచి ఇంట్లో వైఫై ఆపేశారు కనుక ఆమె సీరియళ్ళు కూడా ఆగిపోయాయి. ఆ కష్టం చెప్పుకునే సమయం కాదని ఆమెకి తెలుసు. అయినా రెండుసార్లు చెప్పింది.

గిన్నె మీద మూత పెట్టి, రూపకేసి తిరిగి ఆమె అడిగింది. "అది సరేగానీ, ఆ లిన్ ఆడుకోవడానికి మన ఇల్లెందుకే? వాళ్ళ దేశంలో ఇంటర్నెట్ లేదా?"

నిన్న ఈ సంగతంతా కిరీటికి చెప్పి చెప్పి అలిసిపోయింది రూప. మళ్ళీ మొదలుపెట్టింది. ఇంటర్నెట్ ఉంటుంది గానీ, దాని చుట్టూ గోడ ఉంటుంది. బయటి ప్రపంచపు సైట్లూ ఆటలూ చాలావరకు అక్కడ తిన్నగా తెరుచుకోవు. ఇదే ఆట అక్కడా ఉంది గానీ, దాని సర్వర్లు వేరు. అక్కడివాళ్ళు అక్కడివాళ్ళతోనే ఆడాలి. రూప జట్టు ఆడేది ఇటువైపు సర్వర్లలో. అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే ఏవో అడ్డదారి యాప్‌లు పట్టుకోవాలి. అవి ఒకరోజు పనిచేస్తాయి, మర్నాడు పనిచేయవు. పనిచేసిన రోజు కూడా లిన్ బొమ్మ ఆట మధ్యలో గుంజలా నిలబడిపోయేది. జట్టులో గాయాలు మాన్పే పని లిన్‌ది. ఆమె నిలబడిపోతే మిగతా ముగ్గురూ చచ్చిపోయేవాళ్ళు.

"అప్పుడు అవతలి జట్లోళ్ళు తిట్టుడు మొదలుపెట్టేటోళ్ళు అత్తమ్మా. చైనావాళ్ళు మీ సర్వర్లకి మీరు పోండి అని. ఒకసారి నా నెట్ ఆగితే కూడా లిన్‌నే తిట్టిన్రు."

అందుకని రూప ఈ పెట్టె కొని తెచ్చింది. లిన్ తన ఇంట్లోంచి నేరుగా ఈ పెట్టెలోకి వస్తుంది, ఇక్కడి నుంచి ఆటలోకి వెళుతుంది. ఆటకి ఆమె విండ్సర్‌లో కూర్చుని ఆడుతున్నట్టే కనబడుతుంది.

కమలకుమారి కాసేపు ఆలోచించింది. "అంటే పెరటి తలుపు గడియ తీసి పెట్టావన్నమాట" అంది.

"ఆ తలుపులోంచి ఊరంతా వచ్చింది" అన్నాడు కిరీటి. పొద్దున్నుంచీ అతను సూటిగా అన్న మొదటి మాట అది.

ఊరంతా రావడానికి కారణం లిన్ పిన్ని కొడుకు జున్. పదిహేనేళ్ళవాడు. ఆ దేశంలో పద్దెనిమిది నిండనివాళ్ళు ఆన్‌లైన్ ఆటలు ఆడాలంటే శుక్ర, శని, ఆదివారాలూ సెలవురోజులూ మాత్రమే. అదీ సాయంత్రం పూట ఒక్క గంట. ఆట గుర్తింపు కార్డు నంబరు అడుగుతుంది. ఒక్కోసారి మొహం కూడా చూపించమంటుంది. బయటి దేశపు సర్వర్లలో ఆ గొడవ లేదు. జున్ తన అక్క లిన్ కంప్యూటర్‌లోంచి ఈ పెట్టె పాస్‌వర్డ్ కాజేశాడు. ప్రాణస్నేహితుడికి ఇచ్చాడు. వాడు ఇంకో ఇద్దరికిచ్చాడు. అక్కడి నుంచి అది ఎవరి చేతుల్లోకి పోయిందో, వాళ్ళు ఆటలే ఆడారో ఇంకేం చేశారో ఎవరికీ తెలియదు.

"లిన్‌కి నిన్న నేను అడిగేదాక తెల్వదు" అంది రూప.

"తెల్వదు. నీకూ తెల్వదు. నాకైతే పెట్టె ఉన్నట్టే తెల్వదు." కిరీటి గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని రూపకి అనిపించింది. "నేనీ దేశంలో స్పీడ్ టికెట్ కూడా తెచ్చుకోలేదు రూపా. నది అవతల అమెరికాల అన్నేండ్లు ఉండి, గ్రీన్ కార్డ్ వచ్చేటట్టు లేదని ఇటు వచ్చిన. ఇక్కడ స్థిరపడనీకి పెట్టిన పీఆర్ ఫైలు ఆఖరికొచ్చింది. ఇప్పుడు కంపెనీవాళ్ళు నన్ను తీసేసి, సెక్యూరిటీ కారణాలని రాస్తే, నేనెవరికి ఏమని చెప్పుకోవాలె?"

రూప మెట్ల మీంచి లేవలేదు. లేచి కిందికి వెళ్ళిపోతే, తను లేని చోట లిన్ పేరు పంపేస్తారని భయం.

అసలు తగాదా పెట్టె గురించి కాదు, పేరు గురించి. అవతలి చివర ఉన్నది ఎవరు, ఎక్కడుంటారు, మీకేమవుతారు అని హెలెన్ మెయిల్‌లో అడిగింది. నిజం చెప్పి బయటపడదామని కిరీటి. చెప్పవద్దని రూప. గోడ దాటడం అక్కడ తప్పే. మామూలుగా ఎవరూ పట్టించుకోరు, లక్షలమంది దాటుతూనే ఉంటారు. కానీ ఒక పెద్ద కంపెనీ సెక్యూరిటీ రిపోర్టులో పేరుతో సహా ఎక్కితే సంగతి వేరు. లిన్ తల్లి ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తుంది. తండ్రి పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఆయన కోసమే లిన్ ఇక్కడ వచ్చిన ఉద్యోగం వదులుకుని వెళ్ళిపోయింది.

"ఇన్సూరెన్స్ కంపెనీ రిపోర్టు చైనా పోలీసుల దాకా ఎందుకు పోతది?" అన్నాడు కిరీటి.

"పోదని నువ్వు రాసిస్తవా అన్నా?"

కిరీటి కుర్చీ వెనక్కి నెట్టి లేచి, పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ కోయవలసిన గడ్డి తప్ప చూడడానికేమీ లేదు.

కాసేపటికి మృదుల కాఫీ పట్టుకుని వెళ్ళింది. కాఫీ ఇవ్వడానికి వెళ్ళిందనే అనుకుంది గానీ, గుమ్మం దాటేసరికి కోపం ముందుకొచ్చింది.

ఆమె కోపం ముగ్గురి మీదా ఉంది. రూప చెప్పకుండా చేసింది. లిన్ కూడా చెప్పలేదు. కిరీటి నిన్నటి నుంచి ఈ ఇంట్లో తనొక్కడే నష్టపోతున్నట్టు తిరుగుతున్నాడు. లీజు మీద తన సంతకం కూడా ఉంది. పీఆర్ ఫైల్లో తన పేరూ ఉంది. ఆ మాటే అంది.

"అయితే నువ్వు చెప్పు. ఏం చేయమంటవ్?"

"రూప పేరు మాత్రం చెప్పకు. దాని స్టడీ పర్మిట్‌కి ఏమైనా అయితే మీ బాబాయికి మొహం చూపించలేం."

"సరే. లిన్ పేరు?"

మృదుల కప్పు అంచు వేలితో తుడిచింది. రెండేళ్ళ కిందట ఊరు ఊరంతా విద్యార్థులతో నిండిపోయి, గది దొరకడమే గగనమైన రోజుల్లో రూప లిన్‌ని వెంటబెట్టుకొచ్చింది. హాల్లో పరుపులేసుకుని పదిమంది పడుకునే ఇంట్లో ఉంటోందనీ, మనతో ఉంచుకుందామనీ బతిమాలింది. తెలియని పిల్ల, వద్దన్నాడు కిరీటి. మృదులే ఒప్పించింది. ఆ చలికాలమే డ్రైవ్‌వే మంచు మీద జారిపడి మృదుల మణికట్టు విరిగింది. కిరీటి ట్రైనింగ్ కోసం టొరంటోలో ఉన్నాడు. రూపకి పరీక్షలు. అన్నాళ్ళూ మృదుల తల దువ్వి జడ వేసింది లిన్. తెలుగు జడ ఎలా వేయాలో వీడియోలు చూసి నేర్చుకుంది.

"నాకు తెలీదు" అంది మృదుల చివరికి.

"తెల్వదు. ఇంట్ల ఎవరినడిగినా అదే మాట. రూప పేరు చెప్పొద్దు, లిన్ పేరు చెప్పొద్దు. మరెవరి పేరు చెప్పాలె, మీ అమ్మ పేరా?"

వంటింటి కిటికీలోంచి కమలకుమారి గొంతు వినబడింది. "నా పేరే చెప్పండి బాబూ. నేనెలాగూ వెళ్ళిపోయేదాన్నే."

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవారు. మృదుల పెదవి కొసన ఏదో కదిలింది గానీ, కిరీటి మొహం చూసి మానుకుంది.

పొద్దున తొమ్మిది దాటాక లిన్ ఫోన్ చేసింది. అక్కడ రాత్రి భోజనాల వేళ దాటింది. రూప తన ఫోన్‌ని బల్ల మీద నీళ్ళ సీసాకి ఆనించి నిలబెట్టింది. మృదుల వెనక నిలబడింది. కిరీటి ఎదురుగా కూర్చున్నాడు. అనవలసిన మాటలు అతను గడ్డి మీద నిలబడి ముందే కూడగట్టుకున్నాడు.

లిన్ చిక్కిపోయింది. పక్కన జున్ తలొంచుకుని నిలబడ్డాడు. లిన్ ఏదో అనగానే వాడు ఇంగ్లీషులో సారీ చెప్పాడు. అప్పగించిన పాఠంలా చెప్పి, ముక్కు ఎగబీల్చాడు. వాడినేమనాలో కిరీటికి తోచలేదు. వెళ్ళి చదువుకోమన్నాడు.

లిన్ మాట్లాడడం మొదలుపెట్టింది. బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి సగం మాట పోయింది. రూప ఫోన్ కిటికీ దగ్గరికి జరిపింది. కాస్త నయం. మళ్ళీ ఆగింది. ప్రతిసారీ ముఖ్యమైన మాట దగ్గరే ఆగుతోంది. కిరీటి విసుగుతో బల్ల మీద వేళ్ళతో కొట్టసాగాడు.

విసుగులోనే, తనకి తెలియకుండా, అడగాలనుకోనిది అడిగాడు. "మీ నాన్నగారు ఎట్లున్నరు?"

కుడిచెయ్యి ఇంకా లేవడం లేదని చెప్పింది లిన్. తను ఆడుతుంటే ఆయన పక్కన మంచం మీంచి చూస్తాడట. ఆట ఏమీ అర్థం కాదు గానీ, హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్ పెట్టమని సైగ చేస్తాడట. జబ్బు పడ్డాక ఆయన నవ్వింది, ఆటలో చచ్చిపోయినప్పుడల్లా రూప తెలుగులో పెట్టే శాపనార్థాలు విన్నప్పుడేనట.

రూప మొహం తిప్పుకుంది.

"నా పేరు చెప్పండి అన్నా" అంది లిన్. ఆ పిలుపు రూప దగ్గర నేర్చుకున్నదే. తక్కినదంతా ఇంగ్లీషులోనే నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఆశ్చర్యంగా ఫోనూ ఆగలేదు. "పాస్‌వర్డ్ దాచుకోలేకపోయింది నేను. మీ ఉద్యోగం పోవడానికి వీల్లేదు. అమ్మకి నేను చెప్పుకుంటాను. మీరు నా పేరు..."

అక్కడ బొమ్మ ఆగిపోయింది. ఈసారి మళ్ళీ కదలలేదు.

కిరీటి ఆగిపోయిన ఆ మొహం వంక కాసేపు చూసి, ఫోన్ బోర్లించాడు. "ఈమె ఒకతి" అన్నాడు. "తిట్టడానికి కూడా సందివ్వదు."

చెప్పమని లిన్ నోటితోనే అన్నది కనుక సంగతి తేలిపోయిందని కమలకుమారి అనుకుంది. మృదులకీ అలాగే తోచింది, పైగా కాస్త ప్రాణం తేలికపడింది, తేలికపడినందుకు తనమీద తనకే చిరాకు వేసింది. రూప మాత్రం మెట్ల మీంచి లేచి, "సరే అన్నా, నీ ఇష్టం" అని కిందికి వెళ్ళిపోయింది. ఆ మాట కిరీటికి రుచించలేదు. పోట్లాడితేనే నయమనిపించింది.

మధ్యాహ్నం మీటింగ్‌కి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, పడగ్గదిలో, ఫోన్ ఇంటర్నెట్‌కి కలిపిన సొంత లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తలుపు దగ్గర, కెమెరాకి అందకుండా మృదుల నిలబడింది.

హెలెన్ నెరిసిన జుట్టావిడ. గద్దించే మనిషి కాదు. పెట్టె గురించి అడిగింది. కుటుంబంలో ఒకరు ఆన్‌లైన్ ఆట కోసం పెట్టారనీ, తనకి తెలియదనీ, పీకేశాననీ, రౌటర్ కూడా మార్చేస్తున్నాననీ చెప్పాడు కిరీటి. కంపెనీ ఫైళ్ళ జోలికి ఎవరూ రాలేదని తమ పరిశీలనలో కూడా తేలిందని ఆవిడ అంది. మృదుల తలుపుకి ఆనుకుని ఊపిరి వదిలింది.

"ఇక ఒక్కటే మిగిలింది" అంది హెలెన్. "చైనాలో మీ పెట్టెను వాడిన మొదటి వ్యక్తి పేరు."

"ఆ పేరు ఎక్కడికి పోతుంది?"

"రిపోర్టులోకి. రిపోర్టు మా క్లయింట్లకి వెళుతుంది. అక్కడి నుంచి ఎక్కడికీ వెళ్ళదని నేను మాటివ్వలేను. ఇస్తే అబద్ధమవుతుంది."

ఆవిడ అబద్ధం చెప్పి ఉంటే కిరీటి పేరు చెప్పేసేవాడేమో. ఆ సంగతి అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది. అప్పుడు మాత్రం నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ తెరిచాడు.

"ఆమె మా ఇంట్లో ఏడాదిపాటు ఉన్న మనిషి. నాకు బాగా తెలుసు. పేరు చెప్పలేను."

"చెప్పలేరా, చెప్పరా?"

"చెప్పను."

హెలెన్ ఏదో టైపు చేసింది. సహకరించలేదని రాయక తప్పదని చెప్పింది. నిర్ణయం వచ్చేదాకా అతను పనిలోకి రాకూడదు. ఆఫీసు లాప్‌టాప్ కోసం కొరియర్ వస్తుంది. ఆలోచన మారితే సోమవారంలోగా మెయిల్ చేయవచ్చు. సెలవు తీసుకుని వెళ్ళిపోయింది.

తెర మీద కిరీటి మొహం ఒక్కటే మిగిలింది. అతను దాన్ని మూసేశాడు.

"చెబుతావనుకున్నాను" అంది మృదుల.

"నేనూ చెప్తననే అనుకున్న."

ఆమె మంచం అంచున కూర్చుంది. పొద్దున్నుంచీ పేరు చెబుతాను చెబుతానని అందరి ప్రాణాలూ తోడేసి, తీరా లిన్ చెప్పమన్నాక చెప్పకపోవడమేమిటని అడిగింది. పీఆర్ సంగతేమిటంది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలంటే పాత కంపెనీ ఏం రాసిస్తుందంది. అడుగుతూ అడుగుతూనే ఆమె కిరీటి చొక్కా చేతికి అంటుకున్న దారప్పోగు తీసి పడేసింది. ఎంత కోపమొచ్చినా, చెప్పెయ్యి అని మాత్రం ఆమె నోటికి రాలేదు.

"సోమవారం దాకా టైముంది" అన్నాడు కిరీటి. ఆ మాట ఎవరిని ఓదార్చడానికో అతనికే తెలియదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. రూప. ఆమె చేతిలో ఫోన్ ఉంది. అన్న లిన్ పేరు చెప్పలేదని కమలకుమారి కిందికి వెళ్ళి చెప్పింది కాబోలు, ఆ సంగతి లిన్‌కి పంపుదామని కూర్చుందట.

"అన్నా, లిన్ లేదు."

"పడుకుని ఉంటది. అక్కడ అర్ధరాత్రి దాటలేదా?"

"పడుకుంటే మెసేజ్ పోవాలె కదా. అకౌంటే లేదు. గేమ్‌లో కూడా లేదు. మా జట్టులో తన పేరు ఉండే చోట ఖాళీ ఉంది."

తనే తీసేసి ఉంటుందంది మృదుల. మనకి ఇబ్బంది లేకుండా, ఆనవాలు దొరకకుండా తనంతట తనే చెరిపేసుకుని ఉంటుంది; అలాంటి పనులు చేసే పిల్లే. రూప తల అడ్డంగా తిప్పింది. తనే తీసేస్తే ఒక్క మాట చెప్పకుండా పోదంది. ఇద్దరూ కిరీటి వైపు చూశారు. అతను కంపెనీకి పేరివ్వలేదు. ఇంకెవరికీ ఇవ్వలేదు. మరి ఎవరైనా ఆమెను వెతుక్కుంటూ వచ్చి ఉంటే, ఆమె పేరు వాళ్ళకి ఎవరిచ్చారు? పాస్‌వర్డ్ అన్ని చేతులు మారినప్పుడు అందులో ఒక్క చెయ్యి మంచిది కాకపోయినా చాలు.

రూప చేతిలో ఫోన్ కూసింది. ఆటలోంచి వచ్చిన మెసేజ్. పంపినవాళ్ళకి పేరు లేదు, ఏవో అంకెలు ఉన్నాయి. చైనా అక్షరాల్లో ఒకటే వరస. రూప దాన్ని అనువాదంలో పెట్టి, చదివి, కిరీటికి అందించింది.

అతను మృదులకి కూడా వినబడేలా చదివాడు.

"నేను జున్‌ని. అక్క ఇంట్లో లేదు. మీతో ఏమైనా చెప్పిందా?"